రాగి బిస్కెట్టు మీద జీవవృక్షం

డిసెంబరు నెల మొదలైందంటే మన సంఘాలలో తల్లులకు చేతినిండా పనే. చిత్తూరు, తిరుపతి ప్రాంతాల విశ్వాసుల ఇండ్లలో ఒక పొయ్యిమీద నిప్పట్లు, మరొక పొయ్యిమీద అతిరసాలు, పక్కనే పీటమీద కర్జికాయలకు పూర్ణం. గులాబీ పువ్వుల అచ్చు ఊరిలో ఏ ఒకరిద్దరి ఇండ్లలోనో ఉంటుంది. పండుగ గడిచేదాకా ఆ అచ్చు సొంత ఇంటి ముఖం చూడదు, ఇంటింటికీ తిరుగుతూనే ఉంటుంది.

ఈ వరుసలోకి కొన్ని సంవత్సరాలుగా బిస్కెట్టు కూడా వచ్చి చేరింది. అంగట్లో కొన్న బిస్కెట్టు కాదు. ఇంట్లోనే కాల్చి, దానిమీద చక్కెర ముద్దతో రంగురంగుల బొమ్మలు గీసిన బిస్కెట్టు. కాలేజీకి పోయే ఆడపిల్లలు ఫోనులో చూసి నేర్చుకుంటున్నారు, సంతోషమే. అయితే వారు గీసే బొమ్మలు చూస్తే అన్నీ మంచు మనుషులు, దేవదారు చెట్లు, ఎర్రటోపీ తాతలు. మంచు కురవడం ఎన్నడూ చూడని పుత్తూరు, పలమనేరు పిల్లలకు ఆ మంచు మనిషి ఎక్కడి చుట్టం? మన పక్కనే శ్రీకాళహస్తి ఉన్నది. కలంకారీ అనే మాటకు దేశదేశాలలో పేరు తెచ్చిన ఊళ్లలో అదొకటి. ఇక ముగ్గు వేయడం చేతకాని ఆడపిల్ల మన పల్లెలలో అరుదు. ఆ చేతులకు ఈ పని కొత్త కాదు, పిండి తడిగా ఉండడం ఒక్కటే కొత్త.

ఇదే మాట సంఘంలో వచ్చినప్పుడు ఒక పెద్దాయన లేచి అడ్డు చెప్పారు. "అయ్యగారూ, కలంకారీ అంటే గుడిలో వేలాడదీసే గుడ్డ కదా. ముగ్గేమో లక్ష్మి ఇంటికి రావాలని వేస్తారు. వాటిని తెచ్చి యేసయ్య పండుగ పిండివంటమీద పెడతామా?" అని అడిగారు. అంతటితో ఆగక బైబిలు తెరిచి యిర్మీయా 7వ అధ్యాయం 18వ వచనం చదివించారు. పిల్లలు కట్టెలు ఏరడం, తండ్రులు నిప్పు రాజేయడం, స్త్రీలు ఆకాశరాణికోసం పిండి పిసికి రొట్టెలు చేయడం అక్కడ వ్రాయబడి ఉన్నది. 44వ అధ్యాయం 19వ వచనం చూస్తే ఆ రొట్టెలను ఆ దేవత రూపానికి తగినట్టుగా చేసేవారని తెలుస్తుంది. అంటే బొమ్మల రొట్టెలన్నమాట! బొమ్మల బిస్కెట్టు గురించిన చర్చలో ఇంత సూటిగా తగిలే వచనం మరొకటి లేదు. అక్కడున్న అక్కయ్యలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఆయన అడిగినది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. మన సంఘాలలో చాలామంది పెద్దలు విగ్రహాలను విడిచి వచ్చినందుకు బంధువులతో మాటలు పడ్డవారు, కొందరు ఆస్తి పోగొట్టుకున్నవారు. వారి భయానికి విలువ ఉన్నది. కాబట్టి జవాబు కూడా వాక్యంలోనుండే వెదకాలి.

యిర్మీయా కాలపు స్త్రీల తప్పు పిండి పిసకడంలో లేదు, ఆ పిండి ఎవరికి అర్పించారన్నదానిలో ఉన్నది. లేవీయకాండము 2వ అధ్యాయంలో అదే గోధుమపిండి, అదే నూనె. పొయ్యిలో కాల్చినది, పెనంమీద కాల్చినది, కుండలో వండినది అని మూడు రకాలుగా దేవుని సన్నిధికే తేబడింది. బొమ్మల సంగతి చూద్దామా? సొలొమోను కట్టించిన మందిరపు గోడలమీద ఖర్జూరపు చెట్లు, విరిసిన పువ్వులు చెక్కబడి ఉన్నాయి (1 రాజులు 6:29). ప్రధానయాజకుని వస్త్రపు అంచున దానిమ్మపండ్లు వ్రేలాడాయి (నిర్గమ. 28:33). ఆ మందిరానికి ఇత్తడి పని చేసినవాడు ఎవరు? హీరాము. తల్లి ఇశ్రాయేలీయురాలైన విధవరాలు, తండ్రి తూరు పట్టణపు కంచరి (1 రాజులు 7:14). తూరు వారు యెహోవాను సేవించినవారు కారు. ఆ తండ్రి పని నేర్చినది ఏ దేవతల గుళ్లలోనో! అయినా ఆ కుమారుని చేతిపనిని దేవుడు తన మందిరంలోనికి తీసుకున్నాడు.

మన తెలుగు సంఘపు అనుభవం కూడా ఇదే చెబుతుంది. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) వ్రాసిన కీర్తనలు నేటికీ మన ఆరాధనలలో పాడుకొంటున్నాము. వాటి రాగాలు, తాళాలు ఏ దేశంనుండి వచ్చినవి? ఈ దేశపువే. రాగానికి తలుపు తెరిచి రేఖకు తలుపు వేయడం న్యాయమా? రేఖ విషయంలో మనకు ఇంకొక మాదిరి కూడా ఉన్నది. లూథరన్ పాదిరి, పండితుడు పులిదిండి సాల్మన్ రాజుగారు, 1921లో పుట్టి 2019లో ప్రభువు సన్నిధికి చేరినవారు, బాతిక్ గుడ్డలమీద, చెక్క అచ్చులతో సువార్త కథలను ఈ దేశపు ముఖాలతో చిత్రించారు. శ్రీకాళహస్తి చిత్రకారులు సహితము రామాయణ భారత కథలు గీసిన కలంతోనే క్రీస్తు జీవిత చరిత్రను గుడ్డమీద గీశారు. మనము సందేహిస్తూ కూర్చున్నచోట వారు ముందే నడిచి వెళ్లారు.

ఇంత చెప్పినా, ముగ్గుమీద ఎవరికైనా మనస్సాక్షి ఒప్పకపోతే వారిని బలవంతపెట్టకూడదు. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 8, 10 అధ్యాయాలు చదివినవారికి దీనిని వివరించనక్కరలేదు. ఆ పెద్దాయన ఇంటికి చుక్కల ముగ్గు బిస్కెట్లు పంపకుండా, తామరపువ్వులు కూడా పంపకుండా, నక్షత్రాలు పంపితే సరిపోతుంది.

కాళహస్తి కలం

కలంకారీ పని ఎట్లా జరుగుతుందో తెలిస్తే బిస్కెట్టు పని సగం వచ్చినట్టే. కనుక కొంచెం వివరంగా చెబుతాను.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విభజించిన తర్వాత శ్రీకాళహస్తి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. అంతకు ముందు మన చిత్తూరు జిల్లాలోనిదే. స్వర్ణముఖి ఒడ్డున ఉన్న ఆ ఊరిలో ఈ కళ ఒక దశలో దాదాపు ఆరిపోయింది. 1950ల చివర కమలాదేవి ఛటోపాధ్యాయగారి పూనికతో అక్కడ శిక్షణా కేంద్రం పెట్టిన తర్వాత మళ్లీ చిగిర్చింది. ఆ ఊరి కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. మచిలీపట్నం, పెడన వైపు కలంకారీ చెక్క అచ్చులతో అద్దేది. కాళహస్తిది పూర్తిగా చేతితో గీసేది.

ముందు నూలుగుడ్డను కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఆరబెడతారు. పాలలోని జిడ్డువల్ల రంగు అటూ ఇటూ పాకదు. తర్వాత కాల్చిన చింతపుల్ల బొగ్గుతో బొమ్మ గుర్తులు పెట్టుకొంటారు. వెదురుపుల్లను మొనదేల్చి, పైన గుడ్డపేలికో ఉన్నియో చుట్టి దారంతో బిగిస్తే అదే కలం. చుట్టిన ఉన్ని రంగును పీల్చుకొని ఉంటుంది, వ్రేళ్లతో నొక్కిన కొద్దీ మొనకు దిగుతుంది. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో చాలా రోజులు నానబెడితే వచ్చే నీరు, కరక్కాయ పట్టిన గుడ్డకు తగలగానే నల్లగా మారుతుంది. ముందు ఆ నలుపుతో గీతలన్నీ పూర్తిచేస్తారు. ఎరుపు కావలసిన చోట పటిక నీరు పూసి, రంగు వేళ్లు వేసిన నీళ్లలో ఉడకబెడతారు. పసుపు, నీలం తర్వాత వస్తాయి. పసుపు మీద నీలం పడితే ఆకుపచ్చ. మధ్య మధ్య పారే నీటిలో ఉతకడం, ఎండలో ఆరబెట్టడం. ఒక పెద్ద గుడ్డ పూర్తికావడానికి వారాలు, నెలలు పడుతుంది.

ఇందులో మనం నేర్చుకోవలసినవి రెండు. గీత ముందు, రంగు తర్వాత. రెండవది, ఖాళీగా విడిచిన గుడ్డ రంగే బొమ్మకు అందం. రాగిపిండి బిస్కెట్టు కాలిన తర్వాత ఎర్రమట్టి గోడ రంగుకు వస్తుంది. దానినంతా తెల్ల చక్కెరతో కప్పి గోడకు సున్నం కొట్టినట్టు చేయకండి. బిస్కెట్టు ఒంటి రంగునే గుడ్డగా భావించి, దానిమీద గీయండి.

పిండి, పొయ్యి

పశ్చిమ దేశాలలో బొమ్మల బిస్కెట్టు పాత ఆచారమే. జర్మనీలో చెక్కమీద పువ్వులు, పక్షులు, బైబిలు కథలు చెక్కి, ఆ చెక్కను పిండిమీద అదిమి కాల్చేవారు. నూరెంబర్గ్ నగరం మసాలా రొట్టెలకు కొన్ని వందల సంవత్సరాలుగా ప్రసిద్ధి. 1860లలో హెర్మన్స్‌బర్గ్ మిషనెరీలు ఆ జర్మనీనుండే వచ్చి సూళ్లూరుపేట, నాయుడుపేట, కాళహస్తి, తిరుపతి వైపు పనిచేశారు; నేటి దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘానికి వేరు అక్కడున్నది. మదనపల్లె, పలమనేరు, పుంగనూరు వైపు అమెరికానుండి వచ్చిన ఆర్కాటు మిషను వారిది. వాళ్ల వంట మన దళితవాడల పొయ్యిదాకా రాలేదు. మనకు బిస్కెట్టు నేర్పినది బజారులోని బేకరీ. పండుగ ముందు పిండి, చక్కెర, డాల్డా పట్టుకుపోయి, భట్టీలో కాల్పించుకొని, డబ్బాలో ఎత్తుకొని వచ్చే అలవాటు ఊళ్లలో చాలా ఏండ్లు ఉండేది. ఆ భట్టీ దగ్గర రంజానుకు ముస్లిం తల్లులు, క్రిస్మస్‌కు మన తల్లులు వరుసలో నిలబడేవారు.

ఇప్పుడు భట్టీకి పోనక్కరలేదు, ఓవెను కొననూ అక్కరలేదు. మందపాటి అల్యూమినియం దబర ఒకటి చాలు. అడుగున రెండు వ్రేళ్ల మందాన శుభ్రమైన పొడి ఇసుకగాని, గళ్లుప్పుగాని పోసి, దానిమీద చిన్న స్టాండు పెట్టి, మూతపెట్టి పది పదిహేను నిమిషాలు వేడిచేయాలి. తర్వాత బిస్కెట్లు పేర్చిన పళ్లెం లోపల పెట్టి, సెగ తగ్గించి, పదిహేను ఇరవై నిమిషాలు ఉంచాలి. ప్రెషరు కుక్కరు వాడేవారు లోపలి రబ్బరును, పైనున్న విజిలును తప్పక తీసివేయాలి, నీరు పోయకూడదు.

పిండికి కొలత ఇది. రాగిపిండి 150 గ్రాములు, గోధుమపిండి 150 గ్రాములు, మెత్తగా తురిమి జల్లించిన బెల్లం 150 గ్రాములు, వెన్న 150 గ్రాములు, అర చెంచా శొంఠి పొడి, నాలుగు యాలకులు, చిటికెడు ఉప్పు. వెన్న, బెల్లం బాగా కలియగొట్టి, పిండ్లు చేర్చి, రెండు మూడు చెంచాల పాలు చిలకరించి ముద్ద చేయండి. చపాతి పిండిలాగా పిసకకండి, గట్టిపడిపోతుంది. రాగి పిండికి సాగే గుణం లేదు, అందుకే గోధుమపిండి సగం ఉండాలి. వంటసోడా వేయవద్దు. సోడా వేస్తే బిస్కెట్టు పొంగి పక్కలకు పాకుతుంది, కోసిన నెమలి కోడైపోతుంది! ముద్దను అరగంట చల్లని చోట ఉంచి, రెండు ప్లాస్టిక్ కవర్ల మధ్య పావు అంగుళం మందాన వత్తి, గ్లాసు అంచుతో గుండ్రంగా కోయండి. నెమలి, చేప, గంట వంటివి కావాలంటే పెండ్లిపత్రిక అట్టను కత్తిరించి, పిండిమీద పెట్టి, చాకుమొనతో చుట్టూ కోయవచ్చు. జర్మనీవారివంటి చెక్క అచ్చులు కావాలనుకొంటే అవీ మనకు దూరం కాదు. చెక్కబొమ్మలు చెక్కే మాధవమాల ఊరు ఏర్పేడు మండలంలోనే ఉన్నది.

బిస్కెట్లు పూర్తిగా చల్లారిన తర్వాతే గీత మొదలుపెట్టాలి. వేడిమీద చక్కెర కరిగిపోతుంది. పొడిచేసిన చక్కెర 100 గ్రాములకు మూడు నాలుగు చిన్న చెంచాల పాలుగాని నీరుగాని సరిపోతుంది. గీతలకు ముద్ద గట్టిగా, నింపడానికి కొంచెం పలుచగా. చాలామంది పచ్చి గుడ్డు తెల్లసొన వేస్తారు. పసిపిల్లలు, గర్భిణీలు తినేదానిలో పచ్చిసొన లేకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

రంగులకు అంగడి పొడులు కొనకండి. రోడమైన్-బి అనే బట్టల రంగు పీచుమిఠాయిలో కనబడినందున 2024 ఫిబ్రవరిలో మన పొరుగు తమిళనాడు ప్రభుత్వం దానిని నిషేధించింది. ఆ రంగు అమ్మినవారికీ కొన్నవారికీ అది తిండి రంగే అనిపించి ఉంటుంది. కలంకారీ రంగులు చెట్లనుండి వచ్చినవే అయినా అవి గుడ్డకే. పటిక, ఇనుపనీరు నోటికి తగవు. మన వంటింటిలోనే ఆ వన్నెలు దొరుకుతాయి. ఎరుపుకు బీట్‌రూట్ రసం. పసుపుకు పసుపే, కాని గోటిమీద పట్టినంత మాత్రమే, లేకపోతే వాసన వస్తుంది. నలుపుకు దగ్గరగా కోకో పొడి. నీలానికి దడిమీది శంఖుపువ్వు: రేకులను కొద్ది వేడినీటిలో నానబెడితే చక్కని నీలం దిగుతుంది. దానిలో నిమ్మరసం పడకుండా చూడండి, పడితే ఊదా రంగుకు తిరుగుతుంది. ఆ నీలంలో పసుపు కలిపితే ఆకుపచ్చ, అచ్చం కాళహస్తిలో చేసినట్టే.

గీయడానికి గోరింటాకు కోను వంటిది నూనె కాగితంతో చుట్టుకోండి. కడిగి ఆరబెట్టిన పాలకవరు మూల కత్తిరించినా సరే. సన్నని గీతలకు వెదురుపుల్ల మొన చాలు. ఇక్కడ ఒక వింత చూశాను. గోరింటాకు కోనులతో చేతులమీద తీగలు వేసే పదిహేనేండ్ల పిల్లలు దీనిని ఒక్క సాయంత్రంలో పట్టేస్తారు. బడి మొగమెరుగని ముసలి అవ్వలు వారికంటే ముందే పట్టేస్తారు. వాకిట ముప్ఫై చుక్కలు పెట్టిన చేతికి బిస్కెట్టుమీద అయిదు చుక్కలు ఒక లెక్కా? మొదట చుక్కలు, అవి కాస్త గట్టిపడిన తర్వాత మెలికలు. నక్షత్రం ఈ పద్ధతిలో చాలా చక్కగా వస్తుంది.

ఏమి గీయాలి, ఏమి గీయకూడదు

కలంకారీలో నాకు ఎంతో ఇష్టమైనది జీవవృక్షం. ఒక చెట్టు, కొమ్మకొమ్మకూ వేర్వేరు పువ్వులు, మధ్య పక్షులు. పాతకాలంలో కోరమండల్ తీరంనుండి ఓడలలో ఐరోపాకు పోయిన పెద్ద పెద్ద దుప్పట్లమీద ఈ చెట్టే ఉండేది. మనకు ఆ చెట్టు ఆదికాండము 2వ అధ్యాయంలో మొదట కనబడి, ప్రకటన 22వ అధ్యాయంలో నది ఒడ్డున మళ్లీ కనబడుతుంది. ఆదివారపు బడి పిల్లలకు దీనిగురించి చెప్పడానికి పెద్ద బిస్కెట్టు ఒకటి ముందు పెడితే చాలు, వారు నోరు మెదపకుండా వింటారు.

కాళహస్తి గుడ్డలలో కథ గదులు గదులుగా నడుస్తుంది, బొమ్మల పక్కన తెలుగులో మాటలు ఉంటాయి. అట్లే చదరపు బిస్కెట్లమీద క్రిస్మస్ కథను వరుసగా గీయవచ్చు. మరియమ్మ ఇంటి వాకిలి, బేత్లెహేము దారిలో గాడిద, సత్రం మూసిన తలుపు, పశువుల తొట్టె, గొఱ్ఱెలు, నక్షత్రం, జ్ఞానుల ఒంటెలు, ఐగుప్తు దారి. ఎనిమిది బిస్కెట్లు, ఎనిమిదిమంది పిల్లలు. ఒక్కొక్కరు తమ బిస్కెట్టు కథ చెప్పిన తర్వాతే తినాలి.

ప్రభువు ముఖాన్ని మాత్రం బిస్కెట్టుమీద గీయవద్దని మా సంఘంలో చెప్పాను. గీయడం పాపమని కాదు. ఆ ముఖాన్ని కొరికి నమలడం చిన్నపిల్లవానికి ఎట్లా ఉంటుందో ఆలోచించండి. తొట్టె గీయండి, చుట్టూ వెలుగు గీతలు గీయండి, చాలు.

పొరుగింటి పళ్లెం

ఈ విషయం నేను వ్రాయడానికి కారణం పొరుగింటికి పంపే పళ్లెం. క్రిస్మస్‌కు పొరుగువారికి పళ్లెం పంపడం మన మర్యాద. కాని కొన్ని ఊళ్లలో దళితవాడనుండి ఊరిలోకి పోయిన అతిరసాలు ఎవరి నోటికీ చేరక పశువుల తొట్టిలో పడిన రోజులున్నాయి. చట్టం మారినా, పళ్లెం అందుకొనే చేతులలో ఆ సంకోచం ఇంకా అక్కడక్కడ మిగిలే ఉన్నది. పంపే తల్లికి అది తెలుసు. తెలిసీ పంపుతుంది.

మా సంఘంలో ఒక చెల్లెమ్మ, భర్త లేడు, కూలిపనితో ఇద్దరు బిడ్డలను చదివిస్తున్నది. కిందటి క్రిస్మస్‌కు ఆమె కూతురు నెమలి బిస్కెట్లు బడికి తీసుకుపోయింది. పంచుతారో, మిగిలిపోతాయో అని తల్లికి గుండెదడ. పిల్లలు డబ్బా చుట్టూ మూగారు. "ఈ నెమలి ఎవరు గీసినారు?" అని టీచరమ్మ అడిగి, తానూ ఒకటి తీసుకొని, వారం తర్వాత తమ ఇంటి పుట్టినరోజుకు యాభై చేసి పెట్టమని డబ్బు ఇచ్చి పంపారు. ఒక డబ్బా బిస్కెట్లతో కులం పోదు, ఆ మాట నేను అనను. ఆ రోజు డబ్బా ఖాళీగా ఇంటికి వచ్చింది. అంతవరకు నిజం.

ఇప్పుడు ఆమె, మరి ముగ్గురు అక్కయ్యలు కలిసి పండుగలకు బిస్కెట్లు చేసి ఇస్తున్నారు. సంక్రాంతికి పక్కింటి హిందూ కుటుంబాలకు ముగ్గు బిస్కెట్లు కూడా అడుగుతున్నారట. అమ్మకానికి పెట్టేవారు ఆహార భద్రతా శాఖవారి రిజిస్ట్రేషన్ తీసుకోవాలి, అది మరువకండి. ధర కట్టేటప్పుడు గీసిన గంటలకు కూలి కూడా కట్టుకోవాలి. మన స్త్రీలు పిండి, వెన్న ఖర్చు లెక్కవేసి చేతిపనిని ఉచితంగా ఇచ్చేస్తారు. బెసలేలుకు జ్ఞానాత్మను ఇచ్చిన దేవుడు (నిర్గమ. 31:1–5) ఆ పనిని విలువలేనిదిగా ఎంచలేదు కదా.

చివరిగా నిలువ సంగతి. డిసెంబరు మన వైపు వానల నెల, గాలిలో చెమ్మ ఎక్కువ. గీసిన బిస్కెట్లను రాత్రంతా ఫ్యాను కింద ఆరనిచ్చి, ఒక్కొక్క వరుస మధ్య కాగితం వేసి, బిగువు మూత ఉన్న రేకు డబ్బాలో పెట్టండి. పది పన్నెండు రోజులు కరకరలాడుతూ ఉంటాయి. హాస్టలు పిల్లలకు పంపేవారు గుండ్రటివే పంపండి, నెమళ్లు బస్సు కుదుపులకు మెడలు విరుగుతాయి. ఆ మెడ విరిగినవాటికి మా ఇంట్లో ఎదురుచూసేవారు ఇద్దరున్నారు. డబ్బా మూత పడేలోగా రెండు మూడు మెడలు వాటంతటవే విరుగుతున్నాయని వారి తల్లి అనుమానం.